యూదు పిల్లల బృందాన్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి చట్టసభ ఆఫీసుల్లో మాట్లాడించడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "మీ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పిల్లలు వాషింగ్టన్ వెళ్ళి సెనేటర్ల ఆఫీసుల్లో మాట్లాడతారట కదా, అదెలా?" అడిగేవాళ్ళలో సగం మంది మా ఇంటిలాంటి ఇళ్ళవాళ్ళు: ఒకరు తెలుగు, ఒకరు యూదు, పిల్లలు రెండు పండగలూ చేసుకుంటారు. మిగతా సగం తెలుగు సంఘాలవాళ్ళు, మన పిల్లలకూ ఇలాంటిది చేద్దామని అడుగుతారు. మా ఆయన తరఫు సినగాగ్‌లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలతో నేను కొన్నేళ్ళుగా ఈ ప్రయాణం చేస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఇది సినగాగ్ యువజన బృందాల కోసం. తెలుగు బృందాలవాళ్ళు 3, 5, 6, 8, 9 అంచెలను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు.

ముందు ఒక తేలిక దారి

అంతా మీరే ఏర్పాటు చేసుకోనక్కర్లేదు. అమెరికాలో రిఫార్మ్ అనే ఉదారవాద యూదు శాఖకు వాషింగ్టన్‌లో రిలీజియస్ యాక్షన్ సెంటర్ అనే సంస్థ ఉంది. అది ఏటా చలికాలంలో హైస్కూలు పిల్లల కోసం లె-తకేన్ పేరుతో శుక్రవారం నుంచి సోమవారం దాకా శిబిరాలు నడుపుతుంది. హీబ్రూలో ఆ మాటకు బాగుచేయడం అని అర్థం. పాఠాలు, బస, ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్లు వాళ్ళే చూసుకుంటారు, మీరు పిల్లల్ని సిద్ధం చేసి తీసుకెళితే చాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఇదే. మీది వేరే సంప్రదాయమైనా, పిల్లలు మరీ తక్కువైనా, అంశం మీరే ఎంచుకోవాలనుకున్నా సొంతంగా చేసుకోండి. వాషింగ్టన్ ఖర్చు భరించలేకపోతే మీ రాష్ట్ర రాజధానికి ఒక్కరోజు వెళ్ళిరండి. న్యూజెర్సీవాళ్ళకు ట్రెంటన్, న్యూయార్క్‌వాళ్ళకు ఆల్బనీ. పద్ధతి ఒకటే.

కావలసినవి

- 8 నుంచి 12 మంది పిల్లలు. అంతకు మించితే రెండు జట్లు చేయండి. ఆ ఆఫీసుల్లో గదులు చిన్నవి, చాలాసార్లు నడవాలో నిలబడే మాట్లాడాల్సి వస్తుంది.
- ఆరుగురికి ఒక పెద్ద చొప్పున, ఎంత చిన్న బృందానికైనా కనీసం ఇద్దరు పెద్దలు.
- ఒక రబ్బీ (యూదు మతగురువు), లేదా యూదుల పవిత్ర గ్రంథమైన టోరా పాఠం చెప్పగలిగిన టీచరు.
- నాలుగు నెలల సమయం.
- ప్రతి పిల్లా పిల్లాడి ఇంటి చిరునామా, జిప్ కోడ్‌తో సహా.
- తల్లిదండ్రుల సంతకం, మందుల వివరాలు, అలెర్జీలు, బీమా కార్డు నకలు.
- డబ్బు కట్టలేని పిల్లల కోసం చిన్న నిధి. ఫారంలోనే "సాయం కావాలా" అని ఒక గడి పెట్టండి, అది ఒక్కరే చదవాలి. నలుగురి ముందు అడిగితే ఎవరూ చెయ్యెత్తరు, ఆ పిల్ల "పరీక్షలున్నాయి" అని మానేస్తుంది.

1. తేదీ పెట్టండి (నాలుగు నెలల ముందు)

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బడికి మూడు రోజులు వరుసగా సెలవని జనవరి మూడో సోమవారమో ఫిబ్రవరి మూడో సోమవారమో ఎంచుకుంటారు. ఒకటి మార్టిన్ లూథర్ కింగ్ దినం, ఇంకోటి ప్రెసిడెంట్స్ డే. రెండూ ఫెడరల్ సెలవులే, ఆ రోజు ఆఫీసులకు తాళాలు. సోమవారం బడి మానిపించడానికి తల్లిదండ్రుల్ని ఇప్పుడే ఒప్పించండి.

సభ క్యాలెండర్ కూడా చూడండి. సోమవారం పొద్దున సభ్యులు చాలామంది ఇంకా తమ ఊళ్ళోనే ఉంటారు, సాయంత్రం ఓటింగు వేళకు చేరుకుంటారు. కాబట్టి మీరు కలిసేది ఎక్కువగా సిబ్బందినే. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. లేకపోతే "అసలాయన రాలేదు" అని ముఖాలు వేలాడేసుకుంటారు. ఒక అంశాన్ని రోజూ చూసేది, సభ్యుడికి నోట్ రాసి పెట్టేది ఆ పాతికేళ్ళ అమ్మాయో అబ్బాయో. వాళ్ళు శ్రద్ధగా విన్నారంటే మాట పైదాకా వెళ్ళినట్టే.

యూదు క్యాలెండర్ మూడోది. పూరీం పండగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, పస్కా పండగ మార్చి చివరలోనో ఏప్రిల్‌లోనో. పస్కా వారంలో రొట్టె, పాస్తా లాంటివి తినరు కాబట్టి ప్రయాణం పెట్టుకోకండి.

2. ఎవరికి ఎవరు ప్రతినిధో తేల్చండి

ప్రతి పిల్లకూ ఇద్దరు సెనేటర్లు, ఒక ప్రతినిధి. సెనేట్‌లో 100 మంది, ప్రతినిధుల సభలో 435 మంది. ఒకే సినగాగ్ పిల్లలందరికీ సెనేటర్లు ఆ ఇద్దరే అయినా ప్రతినిధులు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. హౌస్ డాట్ గవ్ సైటులో జిప్ కోడ్ కొట్టి చూడండి. ఒకే జిప్ కోడ్ రెండు నియోజకవర్గాల్లో పడితే ఇంటి చిరునామా అడుగుతుంది. సినగాగ్ చిరునామాతో చూడకండి, పిల్ల నిద్రపోయే ఇల్లు ఎక్కడుందో అదే లెక్క. నియోజకవర్గాల వారీగా ఒక పట్టిక వేసుకోండి.

3. అంశం పిల్లలే ఎంచుకోవాలి

పెద్దలు ఎంచి చేతికిచ్చిన అంశాన్ని పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. వినేవాళ్ళు పది సెకన్లలో పట్టేస్తారు. మూడు నాలుగు అంశాలు ముందు పెట్టి రెండు ఆదివారాలు వాదించుకోనివ్వండి. ఆహార సాయ పథకం, తుపాకుల భద్రత, వాతావరణం లాంటివి ఎప్పుడూ వస్తాయి. ప్రార్థనా స్థలాల భద్రతకు ఇచ్చే ఫెడరల్ గ్రాంటు కూడా వస్తుంది. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపిన తర్వాత పెరిగిన పిల్లలు వీళ్ళు, గుమ్మం దగ్గర గార్డు లేని సినగాగ్ చాలామంది చూడలేదు.

ఎంచుకున్న అంశాన్ని మూడు ప్రశ్నలతో గీటురాయి మీద పెట్టండి.

దానికి బిల్లు నంబరు ఉందా? "ఆకలి పోవాలి" అంటే ఎవరూ కాదనరు, ఏమీ చేయరు కూడా. "ఈ నంబరు బిల్లుకు మీరు సహ ప్రతిపాదకులు కావాలి" (అంటే మద్దతుగా తమ పేరు చేర్చాలి) అని అడిగితే అవునో కాదో చెప్పక తప్పదు.

ఆ బిల్లు ఇప్పుడు బతికి ఉందా? కాంగ్రెస్ (సెనేట్, ప్రతినిధుల సభ కలిపి) రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో, కొత్తగా మొదలవుతుంది. అప్పటికి పూర్తికాని పాత బిల్లులన్నీ పోయినట్టే. నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి వస్తాయి. రెండేళ్ళ కిందటి కాగితం పట్టుకెళ్ళిన బృందాన్ని నేను కళ్ళారా చూశాను. కాంగ్రెస్ డాట్ గవ్ సైటులో బిల్లు తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

మీ ప్రతినిధి ఇప్పటికే సహ ప్రతిపాదకులా? అలాగైతే ముందు ధన్యవాదాలు చెప్పి, తర్వాతి మెట్టు అడగండి: కమిటీ అధ్యక్షుడితో మాట్లాడతారా, పక్క నియోజకవర్గం సభ్యుణ్ణి ఒప్పిస్తారా అని. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళను పెట్టమని అడిగితే మీరు ఏమీ చదవకుండా వచ్చారని తెలిసిపోతుంది.

హెచ్చరిక: సినగాగ్ పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. బిల్లుల గురించి పరిమితికి లోబడి మాట్లాడవచ్చు. ఫలానా అభ్యర్థిని గెలిపించండి, ఓడించండి అనడం మాత్రం ఆ మినహాయింపు షరతులకు విరుద్ధం. ఎన్నికల మాట, చందాల మాట ఆ గదిలో రాకూడదు. బహుమతులు కూడా వద్దు.

ఇంకో సంగతి, నాకు చాలా ముఖ్యమైనది. బృందంలో ఒకరిద్దరు ఆ అంశాన్ని ఒప్పుకోకపోవచ్చు. వాళ్ళను బలవంతంగా మాట్లాడించకండి, ఇంటి దగ్గర వదిలిపెట్టకండి కూడా. నోట్స్ రాసే పని, సమయం చూసే పని ఇవ్వండి. వాళ్ళు వేరే అంశం మీద మాట్లాడతామంటే విడిగా అవకాశం అడగండి. హిల్లెల్, షమ్మాయి అనే ప్రాచీన గురువుల వర్గాలు వాదించుకున్నవి యూదు ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో ఇద్దరి వైపువీ రాసి ఉంచారు. ఓడిన వాదన చెరిపేయలేదు. పిల్లలకు ఆ మాట చెప్పండి.

4. టోరా పాఠం: ఐదుగురు అక్కచెల్లెళ్ళు

దీన్ని గంటన్నర తీరిగ్గా చేయండి. చాలామంది దీన్ని పైపైన కానిచ్చేసి నేరుగా ప్రసంగం రాయడానికి కూర్చుంటారు. ఎలా అడగాలో నేర్పే పాఠం నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచిది లేదు.

టోరాలో సంఖ్యాకాండం 27వ అధ్యాయం తెరవండి. సెలోపెహాదు అనే ఆయన ఎడారిలో చనిపోయాడు. కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కూతుళ్ళు. భూమి పంచేటప్పుడు కూతుళ్ళకు వాటా లేదు. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఆరాధన గుడారం గుమ్మం దగ్గరికి, తమ నాయకుడు మోషే ముందుకి, యాజకుడి ముందుకి, పెద్దలందరి ముందుకి వచ్చి నిలబడ్డారు. ఏం చెప్పారో పిల్లల చేత లెక్కపెట్టించండి. మా నాన్న ఎవరు, ఎలా పోయాడు. ఆయన మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటులో లేడు. కొడుకు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు పోవాలి? నాన్న అన్నదమ్ములతో పాటు మాకూ భూమి ఇవ్వండి. అంతే, మొత్తం రెండు మూడు వచనాలు.

ఇందులో అంతా ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళ దగ్గరికే వెళ్ళారు. సొంత కథ చెప్పారు. ఎదుటివాళ్ళకు రాబోయే అనుమానాన్ని అడక్కముందే తీర్చారు, కోరహు మాట అందుకే. అడిగింది ఒక్కటే, స్పష్టంగా. మోషేకు జవాబు తెలియదు, పై నుంచి కనుక్కుని వస్తానన్నాడు. సోమవారం సిబ్బంది చెప్పేదీ అదే! "ఆ కూతుళ్ళు చెప్పింది సరైనదే" అని జవాబొచ్చింది, చట్టం అందరికీ మారింది.

36వ అధ్యాయం వదలకండి. ఆ అక్కచెల్లెళ్ళ గోత్రపెద్దలు వచ్చి, వీళ్ళు వేరే గోత్రంలో పెళ్ళి చేసుకుంటే భూమి అటు పోతుంది కదా అన్నారు. చట్టానికి సవరణ వచ్చింది, తమ గోత్రంలోనే పెళ్ళాడాలని. గెలిచినదాన్ని కూడా ఎదుటి పక్షం వచ్చి కొంత వెనక్కి లాగుతుందని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది.

మా ఇంట్లో ఈ పాఠం చెప్పుకున్నప్పుడు నేను మా అమ్మ సంగతి చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే. దేశమంతటా 2005లో వచ్చింది. అమ్మకు 1985కు ముందే పెళ్ళయింది. "అడగందే అమ్మైనా అన్నం పెట్టదు" అని ఆమె తరచూ అనేది. ఆ మాట ఇప్పుడు మా సినగాగ్ పిల్లలకు తెలుగులోనే వచ్చు.

పూరీం దగ్గర్లో వెళ్ళేవాళ్ళు ఆ పండగ కథ, యూదు రాణి ఎస్తేరు కథ కూడా చదవండి. రాజు ముందుకు వెళ్ళేముందు మూడు రోజులు సిద్ధపడింది, వెళ్ళగానే అడగకుండా విందుకు పిలిచింది, అడిగే సమయం చూసి అడిగింది.

5. మాట రాయించండి, చెప్పించండి

మీకు దొరికేది 15 నుంచి 20 నిమిషాలు. అందులో పిల్లలు మాట్లాడేది ఏడెనిమిది నిమిషాలు మించకూడదు. మిగతాది ప్రశ్నలకు. ఈ వరుసలో రాయించండి:

- మేమెవరం: పేర్లు, ఊరు, సినగాగ్. అర నిమిషం. ఊరి పేరు తప్పక చెప్పాలి.
- నాకేం తెలుసు: ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరు ఒకటిన్నర నిమిషం. సొంతంగా చూసింది మాత్రమే.
- మా సంప్రదాయం ఏమంటుంది: ఒక నిమిషం. ఒక్క వాక్యం ఎత్తిచెప్పి, తమకు అదెందుకు తాకిందో చెప్పాలి.
- అంకెలు: ఒకటి, లేదా రెండు. మూడోది వద్దు. ఎక్కడ చూశారో తెలియాలి.
- అడిగేది: బిల్లు నంబరు, పేరు, "సహ ప్రతిపాదకులు అవుతారా?" అని. తర్వాత నోరు మూసుకుని ఎదురుచూడాలి.

ఆ నిశ్శబ్దం పిల్లలకు చాలా కష్టం. జవాబు రాకముందే ఇంకేదో మాట్లాడి, అవతలి మనిషికి తప్పించుకునే దారి చూపిస్తారు. సాధన చేసేటప్పుడు అడిగిన తర్వాత ఐదు అంకెలు మనసులో లెక్కపెట్టించండి.

కథ ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. మొదట ఒక పిల్ల ఇలా రాసింది: "దేశంలో ఎంతోమంది పిల్లలు ఆకలితో ఉన్నారు, ఇది చాలా బాధాకరం." ఇది ఎవరైనా రాయగలరు. నీకెలా తెలుసు అని అడుగుతూ పోతే చివరికి ఇలా వచ్చింది: "మా సినగాగ్ ఆహార నిల్వగదిలో గురువారాలు డబ్బాలు సర్దుతాను. ఒకరోజు వరుసలో మా లెక్కల క్లాసు అబ్బాయి, వాళ్ళమ్మతో నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టే ఉండిపోయాం." ఆ ఆఫీసులో పెన్ను పట్టుకున్న మనిషి ఈ రెండో మాట రాసుకుంటాడు. ఆ అబ్బాయి పేరు మాత్రం రాకూడదు, గుర్తుపట్టే వివరాలూ రాకూడదు.

తర్వాత సాధన. ఒక పెద్ద మనిషి ఆఫీసు సిబ్బంది వేషం కట్టాలి. మూడు రకాలుగా చేయండి: హడావిడిగా ఫోన్ చూసుకునే మనిషి, "తప్పకుండా పరిశీలిస్తాం" అని తియ్యగా తప్పించుకునే మనిషి, "దీనికి డబ్బు ఎక్కడిది?" అని గట్టిగా అడిగే మనిషి. రెండోవాడే అన్నిటికన్నా కష్టం. వాడితో అనవలసిన మాట: "మంచిది, మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుంది? ఎవరికి రాయమంటారు?"

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కనుక్కుని మీకు రాస్తాను" అనాలి. ఊహించి చెప్పకూడదు. ఒక్క తప్పు అంకె చెబితే మిగతా నిజాలన్నీ దాంతోపాటు పోతాయి.

6. అపాయింట్‌మెంట్లు (ఆరు వారాల ముందు మొదలుపెట్టండి)

ప్రతి సభ్యుడి సైటులో అభ్యర్థన ఫారం ఉంటుంది. ఇంగ్లీషులో క్లుప్తంగా ఈ భావం రాయండి: "మేము ఫలానా ఊరి సినగాగ్ యువజన బృందం. మీ నియోజకవర్గంలో నివసించే ఇంతమంది హైస్కూలు పిల్లలు, ఇద్దరు పెద్దలు ఫలానా సోమవారం పొద్దున 10 నుంచి 2 మధ్య మీ ఆఫీసులో ఈ అంశం చూసే సిబ్బందిని ఈ బిల్లు గురించి కలవాలనుకుంటున్నారు." వారం రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే మళ్ళీ చేయండి. మొహమాటం వద్దు, వాళ్ళకు రోజూ వందల అభ్యర్థనలు వస్తాయి.

ఒక ఆఫీసుకూ మరో ఆఫీసుకూ మధ్య అరగంట ఖాళీ ఉంచండి. ప్రతినిధుల వైపు నుంచి సెనేట్ వైపు వెళ్ళాలంటే ముప్పావు గంట. సభలు జరిగే కాపిటల్ భవనానికి రెండు వైపులా ఈ ఆఫీసులు విడివిడిగా ఉన్నాయి.

గది నంబరు చూసి భవనం పోల్చుకోవచ్చు. ప్రతినిధుల వైపు మూడంకెల నంబరైతే కానన్, నాలుగంకెలు 1తో మొదలైతే లాంగ్‌వర్త్, 2తో మొదలైతే రేబర్న్. సెనేట్ వైపు రస్సెల్, డర్క్‌సెన్, హార్ట్. ప్రతినిధులకు కాపిటల్ సౌత్ మెట్రో స్టేషను, సెనేట్‌కు యూనియన్ స్టేషను దగ్గర.

7. శుక్రవారం నుంచి ఆదివారం దాకా

షబ్బాత్‌ను (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం) అడ్డంకిగా చూసి దాని చుట్టూ కార్యక్రమాలు ఇరికించకండి. వారమంతా ఫోన్లతో బతికే పిల్లలు ఇరవై ఐదు గంటలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. సోమవారం గదిలో ఒకరి మాటను ఇంకొకరు అందుకోగలగడం ఆ ఒక్క రోజు చలవే అని నా నమ్మకం.

శుక్రవారం మధ్యాహ్నం 3కల్లా హోటల్ చేరాలి. జనవరి చివర వాషింగ్టన్‌లో సూర్యుడు సాయంత్రం 5:20 ప్రాంతంలో అస్తమిస్తాడు, షబ్బాత్ దీపాలు వెలిగించేది దానికి 18 నిమిషాల ముందు. దారిలో ట్రాఫిక్ ఉంటుందని లెక్క వేసుకోండి.

బృందంలో ఆచారం గట్టిగా పాటించే పిల్ల ఒక్కతి ఉన్నా ఆ రోజు ఏర్పాట్లు ఆమెను బట్టే చేయండి. ఆమె వాహనం ఎక్కదు, రాయదు, ఫోన్ ముట్టదు, డబ్బు ముట్టదు. హోటల్ తలుపులకు ఎలక్ట్రానిక్ కార్డు ఉంటుంది, అదీ వాడదు. బుక్ చేసేటప్పుడే మామూలు తాళం చెవి ఉందా అని అడగండి, లేకపోతే ఆ పిల్లతో గది పంచుకునే పిల్ల తలుపు తీయాలి. కింది అంతస్తు అడగండి, లిఫ్టు అక్కర్లేకుండా. సినగాగ్ నడిచి వెళ్ళే దూరంలో ఉండాలి.

తిండి విషయంలో ముందే ప్రతి ఇంటినీ అడగండి. కోషర్ (యూదు ఆహార నియమాల ప్రకారం తినదగినది) అన్న మాట ఒకటే, పాటించే స్థాయిలు వేరు. పంది మాంసం, రొయ్యలు లేకపోతే చాలనేవాళ్ళున్నారు, మాంసం పాలు కలవకూడదనేవాళ్ళున్నారు, కోషర్ ముద్ర ఉన్న వంటగది నుంచి రావాల్సిందే అనేవాళ్ళున్నారు. మూడోవాళ్ళకు విడిగా తెప్పించాలి. మిగతా అందరికీ శాకాహారం పెడితే గొడవ లేదు, మన తెలుగు ఇళ్ళ పిల్లలకూ సరిపోతుంది. మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూడండి. అందరూ మరిచిపోయేది అదే.

శనివారం చీకటిపడి మూడు చుక్కలు కనిపించాక హవ్దాలా, అంటే షబ్బాత్‌కు వీడ్కోలు చెప్పే ప్రార్థన. జెఫర్సన్ స్మారకం దగ్గర చేయడం వాషింగ్టన్ వచ్చే బృందాలకు ఎన్నాళ్ళుగానో అలవాటు. నీళ్ళకు ఎదురుగా, చేతులు కలుపుకుని, జడలా అల్లిన కొవ్వొత్తి చుట్టూ నిలబడతారు. ద్రాక్షరసం, సుగంధ ద్రవ్యాలు, అగ్గిపెట్టె మరవకండి. మా బృందానికి లవంగాలు, యాలకులు నా వంటింట్లోంచే వెళ్తాయి. గాలికి కొవ్వొత్తి నిలవదు, రెండోది ఉంచుకోండి. అది నేషనల్ పార్క్ సర్వీస్ స్థలం కాబట్టి మంట గురించి, పెద్ద బృందమైతే అనుమతి గురించి ముందే కనుక్కోండి. మంచి కోట్లు తప్పనిసరి, ఆ నీళ్ళ మీది గాలి ఎముకలు కొరుకుతుంది.

ఆదివారం రెండు చోట్లు చాలు. 1993లో తెరిచిన హోలోకాస్ట్ స్మారక మ్యూజియం ఒకటి. టికెట్ల నిబంధనలు ముందుగా సైటులో చూడండి. ప్రధాన ప్రదర్శన 11 ఏళ్ళ లోపు పిల్లలకు కాదు, కాబట్టి చిన్న తమ్ముళ్ళను వెంటపెట్టుకు రావద్దని చెప్పండి. బయటికి వచ్చాక గంటసేపు ఏ కార్యక్రమమూ పెట్టకండి.

రెండోది లింకన్ స్మారకం. 1963 ఆగస్టు 28న కింగ్ ప్రసంగం ఇక్కడే అని పిల్లలందరికీ తెలుసు. ఆయనకు సరిగ్గా ముందు మాట్లాడింది రబ్బీ యోఆకిమ్ ప్రింజ్ అని ఎవరికీ తెలియదు. హిట్లర్ కాలంలో బెర్లిన్‌లో రబ్బీగా ఉండి, 1937లో జర్మనీ నుంచి వెళ్ళగొడితే న్యూజెర్సీలో నెవార్క్ చేరారు. బెర్లిన్‌లో తాను నేర్చుకున్నదేమిటో ఈ ప్రసంగంలో చెప్పారు: ద్వేషం కన్నా కూడా సిగ్గుపడాల్సిన సమస్య మౌనం అని. ఆ మెట్ల మీద ఒక పిల్ల చేత ఆ ప్రసంగం చదివించండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు.

మసాచుసెట్స్ అవెన్యూలో రిలీజియస్ యాక్షన్ సెంటర్ భవనం దారిలో చూపించండి. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం ముసాయిదాల్లో కొంత భాగం ఆ సమావేశ గదిలోనే రాశారు.

రాత్రి చివరి సాధన. పదిన్నరకు దీపాలు ఆర్పేయండి.

8. సోమవారం

శుభ్రమైన బట్టలు, నడిచి నడిచి అలవాటైన బూట్లు. కొత్త బూట్లు వేసుకొచ్చిన పిల్ల మధ్యాహ్నానికి కుంటుతుంది. కిప్పా (యూదులు తలమీద పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. ఎక్కడున్నారో ఆ క్షణమే సోషల్ మీడియాలో పెట్టకూడదని ప్రయాణం ముందే మాట తీసుకోండి, ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

గుమ్మం దగ్గర విమానాశ్రయంలోలా తనిఖీ ఉంటుంది. జేబు కత్తులు, పెప్పర్ స్ప్రే హోటల్లోనే వదిలేయాలి. పావుగంట ముందు ఆఫీసు దగ్గర ఉండండి. అంతకన్నా ముందు లోపలికి వెళ్ళకండి, కూర్చోడానికి చోటుండదు.

ఇక పెద్దలకు ఒకే ఒక నియమం: మాట్లాడకూడదు. మొదటి ఏడాది ఒక అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. నేను ఆదుకుందామని వాక్యం అందుకున్నాను. ఆ క్షణం నుంచి అవతలి మనిషి నన్నే చూస్తూ మాట్లాడాడు, పిల్లలు వినేవాళ్ళైపోయారు. ఆ అమ్మాయి తిరుగుప్రయాణంలో "నాకు గుర్తొచ్చేది ఆంటీ, ఒక్క నిమిషం ఆగితే" అంది. అప్పటినుంచి నేను తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడతాను. పిల్ల ఆగిపోతే పక్క పిల్ల అందుకోవాలి, సాధనలో అదీ నేర్పండి.

బయటికి వచ్చే ముందు మూడు పనులు: విజిటింగ్ కార్డు తీసుకోవడం, ఒక పేజీ కాగితం ఇవ్వడం, అడిగి ఫొటో దిగడం.

9. రెండు రోజుల్లోపు ఉత్తరం

తిరుగు రైల్లోనో బస్సులోనో రాయించేయండి, ఇంటికెళ్తే హోంవర్కులో పడిపోతారు. ఈమెయిల్ మేలు. 2001లో ఆంత్రాక్స్ ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి కాంగ్రెస్‌కు వచ్చే తపాలా అంతా బయట తనిఖీ అయ్యాకే లోపలికి వెళుతుంది, చాలా ఆలస్యమవుతుంది. ఉత్తరంలో ఏం అడిగారో మళ్ళీ రాయాలి, వాళ్ళు ఏం చెప్పారో రాయాలి, కనుక్కుని చెబుతామన్న జవాబు జతచేయాలి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రతి ఆఫీసు నుంచి బయటపడగానే నడవాలోనే నోట్స్ రాసిన పిల్లను నాలుగు అడగండి. బిల్లు నంబరు చెప్పామా? అవతలివాళ్ళు ఏదైనా రాసుకున్నారా? తిరిగి ప్రశ్న అడిగారా? జవాబు అవునా, కాదా, తర్వాత చెబుతామనా? "బాగా మాట్లాడారు, మీలాంటి యువత కావాలి" అనేది జవాబు కాదు. పిల్లలు దాన్నే పట్టుకుని సంబరపడతారు, మెల్లగా చెప్పండి.

మూడు వారాల తర్వాత కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఆ బిల్లు పేజీ తెరవండి. సహ ప్రతిపాదకుల జాబితాలో ప్రతి పేరు పక్కనా చేరిన తేదీ ఉంటుంది. మీ సభ్యుడి పేరు మీరు వెళ్ళొచ్చాక చేరితే పిల్లల చేతే తెరిపించండి. చేరకపోతే ఆ కార్డు మీది మనిషికి మళ్ళీ రాయించండి. మూడు నెలలకు సభ్యుడు సొంత ఊరికి వచ్చినప్పుడు అక్కడి ఆఫీసులో కలవండి. రెండోసారి వచ్చిన పిల్లల్ని వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

"ఏమీ జరగలేదు" అని పిల్లలు అంటే సోవియట్ యూదుల సంగతి చెప్పండి. దేశం విడిచి వెళ్ళనివ్వండని వాళ్ళ కోసం న్యూయార్క్‌లో విద్యార్థులు ఉద్యమం మొదలుపెట్టింది 1964లో. వలసను అడ్డుకునే దేశాలకు వ్యాపార రాయితీలు ఆపే జాక్సన్-వానిక్ సవరణ మీద సంతకం పడింది 1975 జనవరిలో. 1987 డిసెంబరు 6న ఇదే వాషింగ్టన్‌లో సుమారు 2,50,000 మంది ఇంకా అదే అడుగుతూ నిలబడ్డారు. తలుపులు నిజంగా తెరుచుకున్నది ఆ తర్వాతే.

పౌరసత్వం లేని పిల్లలు వెళ్ళవచ్చా?

తెలుగు తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. వెళ్ళవచ్చు. ఆ నియోజకవర్గంలో నివసించే ప్రతి ఒక్కరికీ వాళ్ళు ప్రతినిధే, ఓటు ఉన్నా లేకపోయినా. హెచ్-4 (తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న పిల్ల "నేను ఈ ఊళ్ళో ఉంటాను, ఈ బడిలో చదువుతాను" అంటే చాలు, ఎవరూ వీసా అడగరు. 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వీసా కింద ఉండే హక్కు పోయే పిల్లల గురించి మాట్లాడదామని తెలుగు బృందాలు అడుగుతుంటాయి. మంచి అంశమే, సొంత కథలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. కానీ ఏ పిల్లయినా తన సొంత వీసా వివరాలు ఆ గదిలో చెప్పే ముందు అమ్మానాన్నలు ఒప్పుకోవాలి, వీలైతే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక్కసారి మాట్లాడాలి. ఒప్పుకోకపోతే ఆ కథను పేరు లేకుండా "మా స్నేహితురాలు" అని ఇంకో పిల్ల చెప్పవచ్చు, నిజమైన కథే అయి ఉంటే.